పెట్టెలో దాచిన పికాచు

ఆరుద్ర కార్తెలో వాన పడి వెలిసిన పొద్దున, ఇసుక నేల మీద ఏం కనిపిస్తుందో పల్లెల్లో పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఎర్రటి మఖమలు గుడ్డను చిన్న చిన్న ముక్కలు చేసి చల్లినట్టు ఆరుద్ర పురుగులు. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుంటాయి. కాసేపాగితే మళ్లీ కదులుతాయి. పిల్లలు వాటిని మెల్లగా అరచేతిలోకి తీసుకునేవాళ్లు. ఖాళీ అగ్గిపెట్టెలో నాలుగు గడ్డిపరకలు పరిచి అందులో దాచుకునేవాళ్లు. నీ దగ్గర ఎన్ని, నా దగ్గర ఎన్ని అని బళ్లో లెక్క చూసుకునేవాళ్లు.

ఆ అగ్గిపెట్టెను గుర్తు పెట్టుకోండి. ఈ ప్రసంగం కూడా ఒక పెట్టె గురించే.

జపాన్‌లో టోక్యో శివారున మచిదా అనే ఊరుంది. 1965లో పుట్టిన సతోషి తజిరి అనే పిల్లవాడు ఆ ప్రాంతంలో పెరిగాడు. అతనికి పురుగులంటే ప్రాణం. కుంటల పక్కన, చెట్ల కింద వాటిని వెతికి పట్టుకునేవాడు. తోటి పిల్లలు అతన్ని పురుగుల డాక్టరు అని పిలిచేవాళ్లు. అతను పెద్దవాడయ్యేలోగా ఊరు మారిపోయింది. పొలాలు పోయాయి, కుంటలు పూడాయి, వాటి మీద ఇళ్లు లేచాయి. పురుగులు పట్టుకునే ఆ ఆనందం తర్వాతి పిల్లలకు దొరకదు కదా అన్న దిగులు తజిరిని వదల్లేదు.

తజిరి వీడియో గేములు తయారు చేసే పనిలోకి వెళ్లాడు. ఆ రోజుల్లో గేమ్ బాయ్ అని చేతిలో పట్టే చిన్న ఆటపెట్టె ఉండేది. రెండు గేమ్ బాయ్‌లను ఒక వైరుతో కలిపి ఇద్దరు ఆడుకోవచ్చు. ఆ వైరును చూస్తే తజిరికి దాని మీద పురుగులు పాకుతూ ఇటునుంచి అటు వెళుతున్నట్టు తోచిందట. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో విడుదలైన ఆట ఆ ఊహలోంచి పుట్టిందే. పాకెట్ మాన్‌స్టర్స్ అని దాని పేరు. అంటే జేబులో పట్టే వింత ప్రాణులు. ప్రపంచం దాన్ని పోకెమాన్ అని పిలిచింది.

ఆటలో 151 రకాల ప్రాణులుంటాయి. వాటిని పట్టుకోవాలి, పెంచాలి, తర్ఫీదు ఇవ్వాలి. అయితే ఆటను ఎరుపు, ఆకుపచ్చ అని రెండు రకాలుగా అమ్మారు. కొన్ని ప్రాణులు ఎరుపులోనే దొరుకుతాయి, కొన్ని ఆకుపచ్చలోనే. అన్నీ కావాలంటే స్నేహితుడి దగ్గరికి వెళ్లి మార్చుకోవాలి. ఒక్కడే కూర్చుని పూర్తి చేసే ఆట కాదది. అగ్గిపెట్టెలతో పిల్లలు ఒకచోట చేరినట్టే, ఈ ఆటతోనూ చేరారు.

మరుసటి ఏడాది, 1997 ఏప్రిల్ 1న, అదే కథ టీవీ టోక్యోలో కార్టూన్ సీరియల్‌గా మొదలైంది. దర్శకుడు కునిహికో యుయామా. కథానాయకుడు పదేళ్ల పిల్లవాడు. జపాన్‌లో వాడి పేరు సతోషి. ఆట పుట్టించిన తజిరి పేరే పిల్లవాడికి పెట్టారు. ఇంగ్లీషులో వాడు యాష్ అయ్యాడు. మనవాళ్లకూ యాష్‌గానే తెలుసు.

మొదటి ఎపిసోడ్ చూసినవాళ్లు దాన్ని మరిచిపోరు. యాష్‌కు ఆ రోజు మొదటి పోకెమాన్ ఇస్తారు. రాత్రంతా ఆ కలలే. పొద్దున నిద్ర లేచేసరికి ఆలస్యమైపోయింది. పరుగున వాటిని ఇచ్చే ప్రొఫెసర్ ఓక్ దగ్గరికి వెళితే, ఇవ్వాల్సిన మూడూ వేరే పిల్లలు పట్టుకుపోయారు. మిగిలింది ఒక్కటే. పసుపుపచ్చగా, ఎర్రటి బుగ్గలతో, ఎవరి మాటా వినని పికాచు. ముట్టుకుంటే షాక్ కొడుతుంది. పోకెమాన్‌లను ఉంచే పోకె బంతిలోకి వెళ్లమంటే వెళ్లదు. తాడు కట్టి లాక్కుపోవాల్సి వస్తుంది.

దారిలో యాష్ పొరపాటున ఒక పిట్టకు రాయి విసురుతాడు. పిట్టల గుంపు గుంపంతా మీద పడుతుంది. పికాచుకు దెబ్బలు తగులుతాయి. అప్పుడా పిల్లవాడు పారిపోడు. వానలో, బురదలో, పికాచుకు అడ్డంగా నిలబడతాడు. ముందు నన్ను కొట్టండి అన్నట్టు చేతులు చాస్తాడు. అంతవరకూ మాట వినని ఆ చిన్న ప్రాణి లేచి వాడి భుజం మీదుగా గాల్లోకి ఎగిరి మెరుపు కురిపిస్తుంది. ఇరవై నిమిషాల్లో ఒక స్నేహం మొదలైపోయింది.

శ్రోతలారా, ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ ఎపిసోడ్ అమెరికాలో 1998 సెప్టెంబరులో ఇంగ్లీషులో వచ్చింది. పిల్లలు వెర్రెత్తిపోయారు. కానీ టీవీలో వచ్చే బొమ్మ టీవీలోనే పోతుంది. బడి బస్సు ఆలస్యమైతే ఆ రోజు కథ పోయినట్టే. మళ్లీ ఎప్పుడు వేస్తారో ఎవరికీ తెలియదు. కావాలన్నప్పుడు నొక్కి చూసే ఏర్పాటు ఆనాడు చాలా ఇళ్లలో ఒక్కటే ఉండేది. అదే వీడియో క్యాసెట్.

అదే ఏడాది చివర్లో విజ్ వీడియో, పయనీర్ సంస్థలు కలిసి అమెరికాలో పోకెమాన్ క్యాసెట్లు మొదలుపెట్టాయి. ఒక్కో క్యాసెట్‌లో మూడు ఎపిసోడ్లు. పైన రంగురంగుల అట్టతొడుగు. మొదటి క్యాసెట్ మీద పికాచు పేరే ఉంటుంది. తర్వాత మౌంట్ మూన్ రహస్యం, సెరూలియన్ నగరపు అక్కచెల్లెళ్లు, ఇలా ఒకదాని వెంట ఒకటి. పుట్టినరోజుకు ఒకటి, పరీక్ష పాసైతే ఒకటి, క్రిస్మస్‌కు ఒకటి. అల్మరాలో వరసగా నిలబెడితే అట్టల వీపులు పుస్తకాల్లా కనిపించేవి. ఒకటి తగ్గితే ఆ సందు కంటికి కొట్టొచ్చినట్టు కనబడేది.

ఇక్కడ కాస్త ఆగి చూడండి. కథలో యాష్ ఒక్కొక్క ప్రాణినీ పోగు చేస్తున్నాడు. కథ చూస్తున్న పిల్లవాడు ఒక్కొక్క క్యాసెట్‌నూ పోగు చేస్తున్నాడు. తెర మీద ఏ ఆట నడుస్తోందో, ఇంట్లో అల్మరా ముందూ అదే ఆట. ఈ క్యాసెట్ల సెట్లకు ఇన్నేళ్ల తర్వాత కూడా ఇంత గిరాకీ ఉండటానికి ఒక కారణం ఇదే.

1999 నవంబరులో మొదటి పోకెమాన్ సినిమా అమెరికా హాళ్లకు వచ్చింది. టికెట్టు కొన్నవాళ్లకు ఒక పోకెమాన్ కార్డు చేతిలో పెట్టారు. బొమ్మ, కార్డు, ఆట, క్యాసెట్, అన్నీ ఒక దండలో పూసల్లా కలిసిపోయాయి.

తర్వాత డీవీడీల రోజులు వచ్చాయి. క్యాసెట్లు వెనక్కి వెళ్లాయి. 2006లో విజ్ మీడియా సంస్థ మొదటి సీజన్‌ను డీవీడీ పెట్టెలుగా తేవడం మొదలుపెట్టింది. ఇండిగో లీగ్ అంటారు ఆ సీజన్‌ని. దాదాపు 80 ఎపిసోడ్ల ఆ ప్రయాణాన్ని మూడు పెట్టెల్లో సర్దారు. చిన్నప్పుడు విడి క్యాసెట్లు కొనిపించుకున్న పిల్లలు అప్పటికి కాలేజీకి వచ్చారు. ఈసారి సొంత డబ్బుతో కొనుక్కున్నారు.

మొత్తం సీజన్ పెట్టెలో ఉందనుకుంటాం. లేదు. పెట్టెలో లేని ఎపిసోడ్లున్నాయి. సేకరించేవాళ్లు ఉన్నవాటి గురించి ఎంత మాట్లాడతారో, లేనివాటి గురించి అంతకన్నా ఎక్కువ మాట్లాడతారు.

అన్నిటికన్నా పెద్ద ఖాళీ 38వ ఎపిసోడ్‌ది. 1997 డిసెంబరు 16 సాయంత్రం. జపాన్ పిల్లలు టీవీల ముందు కూర్చున్నారు. కథలో యాష్ బృందం కంప్యూటర్ లోపలి లోకంలోకి వెళుతుంది. పోరిగాన్ అనే కొత్త ప్రాణి వాళ్లకు తోడు. వెంటాడుతున్న క్షిపణుల మీద పికాచు మెరుపు కొడుతుంది. తెరంతా ఎరుపు, నీలం, ఎరుపు, నీలం. సెకనుకు పది పన్నెండుసార్లు వెలుగు తుళ్లిపడింది. ఆ కొన్ని క్షణాలకే పిల్లలకు కళ్లు తిరిగాయి. వాంతులయ్యాయి. కొందరికి ఫిట్స్ వచ్చాయి. 600 మందికి పైగా పిల్లల్ని ఆసుపత్రులకు తరలించారు.

సీరియల్ ఆగిపోయింది. నాలుగు నెలల తర్వాత, 1998 ఏప్రిల్‌లో గానీ మళ్లీ మొదలు కాలేదు. తెర మీద వెలుగులు ఎంత వేగంగా మారవచ్చో జపాన్ టీవీ సంస్థలు హద్దులు పెట్టుకున్నాయి. గదిలో లైటు వేసుకుని, టీవీకి దూరంగా కూర్చుని చూడండి అని జపాన్ కార్టూన్ల మొదట్లో కనిపించే హెచ్చరికకు మూలం ఆ సాయంత్రమే. ఆ ఎపిసోడ్‌ను మళ్లీ ఎక్కడా ప్రసారం చెయ్యలేదు. ఏ క్యాసెట్‌లోనూ, ఏ డీవీడీలోనూ పెట్టలేదు. మరోసారి చెప్పుకుందాం. ఎంత ఖరీదైన పెట్టె కొన్నా అందులో 38వ ఎపిసోడ్ ఉండదు. ఉందని ఎవరైనా అమ్మితే అది సంస్థ తయారు చేసింది కాదని అర్థం.

ఒక సంగతి మాత్రం అభిమానుల మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆ వెలుగు పికాచు మెరుపుది. నింద మాత్రం పోరిగాన్ మీద పడింది. ఆ చిన్న ప్రాణికి ఆ తర్వాత సీరియల్‌లో మళ్లీ కథే లేకుండా పోయింది.

ఇంకో ఖాళీ 35వ ఎపిసోడ్‌ది. అందులో అడవి కాపలాదారు తుపాకీ ఎక్కుపెడతాడు. పిల్లల కార్టూన్‌లో తుపాకులా అని అమెరికాలో దాన్ని పక్కన పెట్టేశారు. అయితే యాష్ 30 టారస్‌లను, అంటే 30 ఎద్దులను, పట్టుకునేది ఆ ఎపిసోడ్‌లోనే. అది తీసేసరికి అమెరికా పిల్లలకు లెక్క కుదరలేదు. నిన్నటిదాకా ఒక్క ఎద్దూ లేని యాష్‌కు ఇవాళ మంద ఎక్కడి నుంచి వచ్చింది? పెట్టెలోని క్యాసెట్లు ఎన్నిసార్లు తిప్పినా జవాబు దొరకదు.

ఉన్న ఎపిసోడ్లలోనూ మార్పులున్నాయి. ఒకచోట బ్రాక్ అనే కుర్రవాడు స్నేహితులకు తినడానికి పెడతాడు. తెర మీద కనిపిస్తున్నవి అన్నం ముద్దలు. జపాన్ పిల్లలు బడికి పట్టుకెళ్లేవి. మన ఇళ్లలో అమ్మ కలిపి చేతిలో పెట్టే ముద్దలాంటివే. ఇంగ్లీషు మాటల్లో మాత్రం బ్రాక్ వాటిని జామ్ పెట్టిన డోనట్లు అంటాడు. అమెరికా పిల్లలకు అన్నం ముద్ద తెలియదేమోనని డబ్బింగ్ చేసినవాళ్లు అనుకున్నారు. ఒక దేశపు కథ మరో దేశం గడప దాటేటప్పుడు ఏమేం మార్చారో ఈ క్యాసెట్లలో ఉన్నదున్నట్టుగా నిలిచి ఉంది. అందుకే వీటిని ఆటబొమ్మలతో సమంగా చూసి పారేయకూడదు. ఇవి ఒక కాలపు దస్తావేజులు.

మారనిది ఒకటుంది. పికాచు గొంతు. జపాన్ నటి ఇకుయే ఒతాని పలికిన ఆ పికా పికా ధ్వనిని ఇంగ్లీషులోనూ అలాగే ఉంచారు. మనుషులందరి గొంతులూ మారినా ఆ ఒక్క గొంతూ సముద్రాలు దాటింది.

మరి ఇలాంటి సెట్ కొనాలనుకునేవాళ్లు ఏం చూసుకోవాలి?

మొదటిది, అడిగే ధర వేరు, అమ్ముడయ్యే ధర వేరు. ఇంటర్నెట్‌లో ఒక క్యాసెట్‌కు ఎవరో వేల డాలర్లు అడుగుతారు. అడిగినంత మాత్రాన ఎవరూ ఇచ్చినట్టు కాదు. ఈ క్యాసెట్లు లక్షల్లో అమ్ముడయ్యాయి. కాబట్టి మామూలు క్యాసెట్ అరుదైన వస్తువు కాదు. సీలు విప్పనిది, అట్ట నలగనిది, అన్నీ వరసగా ఉన్నది, అప్పుడు విలువ పెరుగుతుంది.

రెండోది, అమెరికా క్యాసెట్ మన దేశపు పాత వీసీఆర్‌లో సరిగ్గా ఆడకపోవచ్చు. వాళ్ల టీవీ పద్ధతి వేరు, మనది వేరు. వాళ్లది ఎన్‌టీఎస్‌సీ, మనది పాల్. డీవీడీల్లోనూ ఇదే తంటా. అమెరికా డిస్కులు ఒకటో రీజియన్‌వి, మన దేశానిది ఐదో రీజియన్. అమెరికాలో ఉన్న అబ్బాయినో అమ్మాయినో తెమ్మని చెప్పే ముందు ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. ఏ రీజియన్ డిస్కు అయినా ఆడే ప్లేయర్ ఉంటేనే తెప్పించుకోండి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. సీలు విప్పాలా, వద్దా?

దీనికి ఆ సీరియల్‌లోనే ఒక ఎపిసోడ్ గుర్తొస్తుంది. యాష్ తన చేతులతో పట్టుకున్న మొదటి ప్రాణి ఒక గొంగళిపురుగు. కాటర్పీ. అది వాడి చేతుల్లోనే గూడు కట్టుకుంది, సీతాకోకచిలుక అయింది. 21వ ఎపిసోడ్‌లో ఆ సీతాకోకచిలుకకు తోడు దొరుకుతుంది. తన జాతి గుంపుతో సముద్రం దాటిపోవాల్సిన వేళ వస్తుంది. యాష్ దాన్ని బంతిలో పెట్టి దాచుకోవచ్చు. దాచుకోడు. కొండ అంచున నిలబడి, కళ్ల నీళ్లు కారుతుండగా, వెళ్లిరమ్మని పంపేస్తాడు. పోగు చేయడం గురించిన కథలో ఇంత పెద్ద వదులుకోవడం ఉంది. ఆనాటి పిల్లలు చాలామంది కార్టూన్ చూసి మొదటిసారి ఏడ్చింది అక్కడే.

సీలు వేసిన క్యాసెట్‌ను గాజు పెట్టెలో పెట్టి చూసుకునేవాళ్లున్నారు. అది వాళ్ల ఇష్టం. అయితే ఒక నిజం చెప్పుకోవాలి. లోపల ఉన్నది అర అంగుళం వెడల్పున్న ప్లాస్టిక్ టేపు. దాని మీద అయస్కాంతపు పూత. బొమ్మంతా ఆ పూతలో ఉంది. విప్పినా విప్పకపోయినా ఆ పూతకు వయసు మీద పడుతూనే ఉంటుంది. తేమ తగిలితే బూజు పడుతుంది, పూత జిగురెక్కుతుంది, టేపు అతుక్కుంటుంది. పైగా ఆడించే యంత్రాలూ పోతున్నాయి. వీసీఆర్‌లు తయారు చేస్తున్న చివరి కంపెనీగా మిగిలిన జపాన్ సంస్థ ఫునాయ్, 2016 జులైలో ఆ పని ఆపేసింది.

యాష్ కథ కూడా ముగిసింది. 2022లో వాడు ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అదే పాత పెట్టెలో, ఇండిగో లీగ్ పోటీల్లో, చివరి 16 మందిలోకి వచ్చి అక్కడే ఓడిపోయిన పిల్లవాడు. పాతికేళ్లకు గెలిచాడు. 2023 మార్చిలో జపాన్‌లో వాడి చివరి ఎపిసోడ్ వచ్చింది. ఆ తర్వాతి సీరియల్‌లో కొత్త పిల్లలు, కొత్త ప్రయాణం.

మన దేశానికి పోకెమాన్ కార్టూన్ నెట్‌వర్క్ ద్వారా 2003లో వచ్చింది. హైదరాబాదులోనో, విజయవాడలోనో, వరంగల్‌లోనో ఆ రోజుల్లో బడికి వెళ్లినవాళ్లకు చీటోస్ ప్యాకెట్లలో వచ్చిన పోకెమాన్ టాజో బిళ్లలు గుర్తుండే ఉంటాయి. జామెట్రీ బాక్సులో దాచుకుని, విరామంలో మార్చుకున్నవి. 2024లో హంగామా టీవీలో మొదలైన కొత్త సీరియల్ తెలుగులోనూ వచ్చింది. అప్పుడు టాజోలు మార్చుకున్నవాళ్లు ఇప్పుడు తమ పిల్లల పక్కన కూర్చుని చూస్తున్నారు.

మన ఇళ్లలో పోకెమాన్ క్యాసెట్లు పెద్దగా లేవు. కానీ క్యాసెట్లు లేవా? ఉన్నాయి. వీసీపీ అద్దెకు తెచ్చి, ఊరంతా చాపలు పరుచుకుని రాత్రంతా సినిమాలు చూసిన ఊళ్లు మనవి. బొమ్మ గీతలు పడితే హెడ్ తుడిచి మళ్లీ వేసిన చేతులు మనవి. ప్రతి ఇంటి అటక మీదా ఏదో ఒక అట్టపెట్టెలో ఒక పెళ్లి క్యాసెట్ ఉంటుంది. అక్షరాభ్యాసం క్యాసెట్, గృహప్రవేశం క్యాసెట్. అందులో నడిచి వెళ్లే తాతయ్య ఇప్పుడు లేరు. వడ్డిస్తూ నవ్విన పిన్ని ఇప్పుడు లేదు. పోకెమాన్ క్యాసెట్‌కు ప్రపంచంలో లక్షల నకళ్లున్నాయి. మీ ఇంటి పెళ్లి క్యాసెట్‌కు ఉన్నది బహుశా ఆ ఒక్కటే.

కాబట్టి శ్రోతలారా, ఒక విన్నపం. ఈ ఆదివారం ఆ అట్టపెట్టె దింపండి. క్యాసెట్ తీసి కిటికీ వెలుగులో చూడండి. టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తే ఏ యంత్రంలోనూ పెట్టకండి. ఆ బూజు హెడ్‌కు అంటి మిగతా క్యాసెట్లనూ పాడు చేస్తుంది. తెలిసినవాళ్ల చేత శుభ్రం చేయించండి. వెనక ఉన్న చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచి ఉందో లేదో చూడండి. లేకపోతే విరిచేయండి. అప్పుడు పొరపాటున దాని మీద ఇంకేదీ రికార్డు కాదు. పడుకోబెట్టకుండా పుస్తకంలా నిలబెట్టండి. తేమకు, ఎండకు, స్పీకర్లకు దూరంగా పెట్టండి. మీ ఊళ్లో క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే ఫొటో స్టూడియో ఇంకా ఉందేమో కనుక్కోండి. ఒక నకలు మీ దగ్గర ఉంచుకుని, ఇంకొకటి మీ తోబుట్టువులకు పంపండి. వీసీఆర్ బాగుచేసే మనిషి దొరుకుతుండగానే ఈ పని పూర్తి చేయండి.